నీళ్లు అందించే వరస

రువో ఏరు చంబే వంతెనను ఎత్తుకుపోయిన వరద ఏడు అది. నీళ్లు తీసి మూడో నెల. ఏటి ఒడ్డు మడుల్లో బురద ఎండి పెంకులు పెంకులుగా లేచింది. ఆ పెంకుల సందుల్లోంచి ఎవరూ నాటని గుమ్మడి తీగలు పాకుతున్నాయి. పై ఊళ్ల విత్తనాలు, ఎవరి దొడ్లోవో ఏమో. బుధవారం, మధ్యాహ్నం మూడు గంటలు. లుఫెయో బోర్లించిన తన దోనె మీద కూర్చుని, ఫోను మోకాలి మీద పెట్టుకుని, దాని తాడు కొస కుడిచెవిలో దూర్చుకున్నాడు. ఎడమచెవి ఏటికి వదిలేశాడు. డెబ్బై ఏళ్లుగా ఆ చెవి ఏటిదే. పొద్దున మొక్కజొన్నపిండితో వండుకున్న న్సిమా ముద్ద పళ్లెంలోనే ఉంది, పైన తోలు కట్టింది, ఈగలు దాన్ని కూడా వదిలేసి పోయాయి. ఈ పూట ఆ పిల్ల వస్తుంది. ఫలేసి కూతురు, ఎలూబి. అదే నంబరుతో వస్తుందని టీచరమ్మ పోయిన బుధవారమే చెప్పింది. అదే నంబరు కాబట్టి ఫోనులో అదే పేరు పడుతుంది. రెండు చేతులూ ఒకేపక్కకి చాచిన కర్రలాంటి ఇంగ్లీషు అక్షరం ముందు, దాని వెనక మిగతావి. చదవడం అంతగా రాకపోయినా ఆ పేరును అతను మనిషిని పోల్చినట్టు పోల్చగలడు. మూడు నెలలుగా ఆ పేరు బూడిదరంగులో, మిగతా పేర్ల కిందికి జారి, కదలకుండా ఉంది. ఈ పూట అది పచ్చబడుతుంది.

క్లాసు నాలుగింటికి. కానీ టియామికె టీచరమ్మ మూడింటికే ఫోనులో క్లాసు తలుపు తెరిచిపెట్టి తను వెళ్లిపోతుంది. పట్నంలో ఎక్కడో కూర్చుని చెప్పే మనిషి, ముఖం ఒక్కసారే చూశాడు, ఫోనులో, గోరంత. మొట్టమొదటి వారం అంది, "ఈ గంట మీది. నేను వినను. ఏమైనా మాట్లాడుకోండి." వినని టీచరు ఉంటుందని ఎవరూ నమ్మలేదు. ఆరు ఊళ్ల ఆరుగురు, ఏటి పొడుగునా ఆరు గుంజలకు కాపలా పెట్టిన వాళ్లు, ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్లు, గంటసేపు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. ఎవరి ఇంట్లోనో రేకుల మీద వాన. ఎవరిదో దగ్గు. గుంజలు పాతి, పచ్చా పసుపూ ఎరుపూ రంగులు వేసి, తలా ఒక ఫోనూ అరచేతంత సోలారు పలకా ఇచ్చిపోయిన వాళ్లు చెప్పింది ఒక్కటే: నీళ్లు ఏ రంగు మీదికి వచ్చాయో చూడాలి, అంకె రాయాలి, కింది ఊరికి కబురు పెట్టాలి, ఇవన్నీ ఫోనులోనే నేర్పుతాం. మాట్లాడుకోవాలని ఎవరూ చెప్పలేదు. అలా ఆరుగురూ నోరు కుట్టుకుని ఉంటే ఎక్కడో ఒక కోడి కొక్కొక్కో అని గోల పెట్టింది, గోల ఎంతకీ ఆపదు. అప్పుడు ఆడగొంతు ఒకటి, గరుకుగా, నవ్వు అణుచుకుంటూ, "ఎవరిదమ్మా ఆ కోడి? గుడ్డు పెట్టినట్టుంది, పోయి చూసుకోండి, టీచరమ్మేం వినదంటగా!" అంది. అదీ ఫలేసి. కోడి లుఫెయోదే. లేచి పోయి చూశాడు, గుడ్డు ఉంది, తెచ్చి దోనె మీద పెట్టుకున్నాడు. ఉందని చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె ఎంత నవ్వేదో.

గుడ్డు ఉందని చెప్పని మనిషి. ఇంట్లో ఆవిడ బతికున్నప్పుడు అంటుండేది, నీతో కాపురం చేయడమంటే దోనెతో కాపురం చేయడమే, మోస్తావు గానీ పలకవు అని. బళ్లో కూడా అంతే. మూడేళ్లు. మూడో ఏడు అయ్యవారు పిల్లల్ని గోడకు వరసగా నిలబెట్టి ఒక్కొక్కరినీ ఎక్కం అడిగేవాడు, ఆ కొస నుంచి. లుఫెయో ఈ కొసన. వరస తనదాకా వచ్చేలోపే గంట కొట్టేవారు. రోజూ ఎక్కం నోట్లోనే పెట్టుకుని నిలబడేవాడు, రోజూ గంట కొట్టేవారు. అడక్కుండా చెబితే బెత్తం. ఆ ఏడాది చివర నాన్న వచ్చి భుజం పట్టుకుని ఏటికి తీసుకుపోయాడు, తెడ్డు చేతికిచ్చాడు. ఎక్కం నోట్లోనే ఉండిపోయింది. వరస రానిదే పలకగూడదన్నది మాత్రం ఎముకల్లోకి దిగింది.

ఫోను వణికింది. పైనుంచి మొదటివాడు వచ్చాడు. గెలెసోని, కొండకింద తేయాకు తోటలో కాపలాదారు, ఏరు మొదట తగిలేది అతని గుంజకే. "ఏమర్రా, ఉన్నారా? నీళ్లు వదుల్తున్నా!" అన్నాడు. గొంతులో ఎప్పటి హుషారు లేదు, ఉన్నట్టు తెచ్చిపెట్టుకున్నాడు. అతనికీ తెలుసు ఈ పూట ఎవరొస్తున్నారో. "పచ్చ మీద అడుగు. ఇదిగో, రెండు గుప్పిళ్ల తేయాకు వేశా. పాడుచేయకండి." వెనకాలే ఎస్నాతి, లుఫెయోకి పై ఊరామె, మంత్రసాని, మాట నెమ్మది. "అందాయి గెలెసోనీ. ఆకు నిండా దుమ్మే, ఊడ్చి వేశావా ఏంటి?" "తాగేది నువ్వు కాదుగా, నీకెందుకు!" "ఇక్కడా పచ్చే. ఉప్పు వేస్తున్నా. లుఫెయో అన్నా..." అని ఆగింది. ఇక పలకాల్సింది అతను.

ఈ ఆట ఫలేసిదే. టీచరమ్మకి ఇప్పటికీ తెలీదు. మొదట్లో ఆ గంటలో ఆరుగురూ ఒకేసారి పలికేవారు, సంతలో కోళ్లగంపలా ఉండేది, ఒక్క మాట చెవిన పడేది కాదు. ఎవరు ముందు అని పోట్లాట. అప్పుడు లుఫెయో, అప్పటిదాకా ఆ గంటల్లో ఒక్క ముక్క మాట్లాడని లుఫెయో, ఎందుకనిపించిందో గొంతు సవరించుకుని చెప్పాడు. తెలిసిన సంగతి అదొక్కటే కాబట్టి చెప్పాడు. ఏట్లో రెండు దోనెలు ఎదురైతే పైనుంచి వచ్చేవాడు ముందు కేకేస్తాడు, వాడు ఆగలేడు కనక. కిందివాడు ఆగి, వాడి కేక విని, అప్పుడు కదుల్తాడు. పైవాడు పలకనిదే కిందివాడు కదలకూడదు. మా నాన్నల నాటినుంచీ అంతే. చెప్పి, ఇంత మాట్లాడినందుకు తనకే సిగ్గేసి ఫోను మూసేశాడు. తర్వాతి బుధవారం తెరిస్తే ఫలేసి దాన్ని చట్టం చేసి కూర్చుంది. "పెద్దయ్య చెప్పిందే వరస! నీళ్లు ఎలా వస్తాయో మాటలూ అలాగే. పైవాళ్లు పలకందే కిందవాళ్లు నోరెత్తితే, సంతలో నా మందాసి బూరెలు వాళ్లకి లేవు!" అక్కడ నుంచి అందరూ ఒకరికొకరు నీళ్లు అందించుకోవడం మొదలెట్టారు. అందాయి అనాలి, తమ గుంజ రంగు చెప్పాలి, నీళ్లలో ఏదో ఒకటి వేయాలి, కిందివాళ్ల పేరు పిలవాలి. గెలెసోని తేయాకు, ఎస్నాతి ఉప్పు, ఫలేసి ఎప్పుడూ మిరపకాయ. ఆమె కింద ఇద్దరు అన్నదమ్ములు, అటో ఊరు ఇటో ఊరు, ఒకడు చక్కెరంటే ఇంకొకడు ఎండుచేపంటాడు. చివరికి అందులో ఉన్నవన్నీ కలిపి ఎవరు తాగాలని గోల. ఆ గోల కోసమే అందరూ మూడింటికి తయారు. నాలుగింటి క్లాసు తర్వాతిది.

లుఫెయో ఒక్కడే ఏమీ వేసేవాడు కాదు. అందాయి, పచ్చ, ఫలేసీ. మూడే మాటలు. "మా పెద్దయ్య చూడండి, ఉట్టి నీళ్లే ఇస్తాడు! ఒక్క బెల్లంముక్క వెయ్యకూడదూ?" అనేది. వేద్దామనుకున్నాడు. నిజంగా అనుకున్నాడు. గుడ్డు వేద్దామనుకున్నాడు ఒకసారి, ఆ మొదటిరోజు గుడ్డు. నవ్విస్తుంది కదా అని. బుధవారం నుంచి బుధవారానికి దాచుకుంటూ పోయాడు, రాబోయే బుధవారం వేద్దాం అని.

"అందాయి," అన్నాడు. "పచ్చ." ఇప్పుడు పేరు పిలవాలి. మూడు నెలలుగా ఈ చోట ఊపిరి పీల్చినంతసేపు అందరూ ఊరుకునేవారు. ఎవరూ అనుకుని చేసింది కాదు, మొదటి బుధవారం అతనికి గొంతు రాక ఊరుకుంటే అందరూ ఊరుకున్నారు, తర్వాత అదీ వరసలో ఒక భాగమైపోయింది. ఆ ఖాళీ దాటాక అన్నదమ్ముల్లో పెద్దవాడు మెల్లగా అందుకునేవాడు. ఈ పూట ఆ ఖాళీలో మనిషి ఉంది. ఫోను మీద ఆ పేరు, చేతులు చాచిన కర్ర, పచ్చగా వెలిగింది. పచ్చగా అంటే గుంజ మీద పచ్చే, భయం లేని రంగే, అయినా అతను దోనె మీద ఇంకాస్త ముందుకు జరిగాడు. ఎలూబి. ఎలూబి అనాలి. పొద్దుట్నుంచీ నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాడు, ఎక్కంలాగా. నోరు తెరిచాడు. "ఫలేసీ," అంది నోరు.

ఎక్కడో ఒక పసిబిడ్డ కూ కూ అంది. తర్వాత ఆ గొంతు. అదే గరుకు, నవ్వు అణుచుకున్నట్టే ఉండే గరుకు, కానీ నవ్వు లేదు. "అందాయి తాతా," అంది.

దోనె చెక్కను రెండు చేతులా పట్టుకున్నాడు. ఎండకి చెక్క వేడిగా ఉంది. ఇంకాసేపు గట్టిగా పట్టుకుంటే ఆ వేడి ఒక్కటే ఉంటుంది, ఇంకేమీ ఉండదు అనిపించింది. "ఇక్కడ పచ్చ. నేనేం వేయాలి? అమ్మ ఏం వేసేది?" అంటోంది ఆ పిల్ల. గెలెసోని అందుకున్నాడు, అందుకోక తప్పదని. "మిరపకాయమ్మా, ఇంకేముంది, పండుమిరప! నా తేయాకంతా నాశనం చేసేది మీ అమ్మ." "అయితే నేనూ అదే." "వద్దు తల్లీ, నీకు పుణ్యముంటుంది, నువ్వైనా పాలు పొయ్యి!" ఎస్నాతి ముక్కు చీదింది, నవ్వుతోనో ఏడుపుతోనో. "మిరపకాయే," అంది ఎలూబి. "అమ్మది ఏదీ మార్చను." చక్కెర అన్నాడు పెద్దవాడు, ఎండుచేప అన్నాడు చిన్నవాడు, నీళ్లు చివరికి చేరాయి. మధ్యలో ఖాళీ లేకుండా అలా చేరి మూడు నెలలైంది. అందరికీ ఒక బరువు దిగినట్టు మాటలు లేచాయి, బిడ్డ పేరేంటి, పళ్లొచ్చాయా, కొత్త ఫోనుకి పలక ఉందా, ఎండకి పెట్టావా. వాళ్లు ఎలా కలుపుకుంటారో చూడు. ఒకరినొకరు కళ్లతో చూసిన పాపాన పోలేదు, వరదలో ఇల్లు పోయిన గెలెసోనికి రేకులు పంపింది ఎస్నాతి, ఎస్నాతి మనవడికి మందు తెచ్చిచ్చింది చిన్నవాడి తోడల్లుడు. ఇవేవీ టీచరమ్మ చెప్పినవి కావు. ఆ గంటలో మొలిచినవి, ఎవరూ నాటని గుమ్మడి తీగల్లాగా. వాళ్ల మధ్య కూర్చుని ఉన్నాడు తను. వాళ్లకి తెలియనిది ఒకటి మోసుకుని.

అంకెలు నేర్పింది కూడా ఫలేసే. టీచరమ్మ చెప్పేది, అది పరిగెత్తేది. మూడేళ్ల బడి వాడికి అందేది కాదు, అందలేదని చెప్పేవాడూ కాదు. ఫలేసి ఎలా కనిపెట్టిందో. క్లాసు రోజు అర్ధరాత్రి దాటాక విడిగా ఫోను చేసేది. "పెద్దయ్యా, అక్కడే ఉన్నావా? ఏం లేదు, నాకు నిద్ర రావట్లేదు, అంకెలు చెప్పుకుందాం. సున్న అంటే కుండమూతి. చూడు, ఉందా? రెండు అంటే కొంగ, మెడ వంచి నీళ్లలోకి చూస్తోంది. మూడు అంటే ఒకదాని మీద ఒకటి రెండు చెవులు. ఇక నీ ఫోనులో పైన చూడు, టైము. ఏమున్నాయి?" కొంగ, చుక్కలు, చెవులు, కుండ. "అంటే?" రెండున్నర. "చూశావా! నువ్వు అయ్యవారికంటే గొప్పోడివి, పడుకో ఇక." తెల్లారాక సాయంత్రం దాకా గంటకోసారి ఫోను తీసి టైము చూశాడు, ఎవరూ చూడకుండా. చిన్నపిల్లాడిలాగా. ఆ కొంగ, ఆ కుండలు.

వరదకి ముందు వానలు నాలుగు రోజులు. సూర్యుడు మొహం చూపలేదు. పలకల్లో చార్జీ ఎండిపోయింది, ఎస్నాతి ఫోను చచ్చిపోయిందని తర్వాత తెలిసింది, గెలెసోని ఇల్లు కూలి ఫోను మట్టిలో ఉందని కూడా తర్వాతే. అప్పటికి తెలిసింది ఒక్కటే, పైనుంచి ఎవరూ పలకలేదు. అతని ఫోనులో మాత్రం చార్జీ ఉంది. దోనె కింద, పొడి చోట, ప్రాణంలా దాచాడు. గుంజ దగ్గర మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. నీళ్లు పసుపు దాటాయి. చూస్తుండగా ఎరుపు అంచును తాకాయి, ఎక్కాయి. వాసన. అది చాలు, కొలత అక్కర్లేదు, ఎర్రకొండమట్టి వాసన, నలిగిన పచ్చి తేయాకు వాసన, ఆ వాసన వచ్చిందంటే ఏరు కొండను తవ్వుకుని వస్తోందని అతనికి పుట్టుకతో తెలుసు. ఆకు కోసేవాళ్ల బుట్ట ఒకటి తిరుగుతూ తిరుగుతూ పోయింది. ఫోను తీశాడు. పైన చూశాడు. కొంగ. పక్కన రెండు కుండలు. రెండు గంటలు. నొక్కాల్సింది ఒక్కటే, ఆ చేతులు చాచిన కర్ర మీద. వేలు పెట్టాడు. ఎస్నాతి పలకలేదు కదా అనుకున్నాడు. పలకలేదంటే అక్కడ ఏమీ లేదు కాబోలు. ఇది పక్కవాగు నీళ్లేమో. వాగు నీళ్లు కావని ముక్కు చెబుతూనే ఉంది. వరస తప్పి అరిస్తే, ఏమీ కాకపోతే, గెలెసోని ఏడాదంతా ఏడిపిస్తాడు, పెద్దయ్య తన చట్టం తనే తప్పాడని. పలుకుతుంది. ఇప్పుడు పలుకుతుంది ఎస్నాతి. వేలు తీశాడు. బళ్లో గోడకి నిలబడ్డట్టే నిలబడ్డాడు, ఈ కొసన, ఎక్కం నోట్లో పెట్టుకుని, డెబ్బై ఏళ్లవాడు. నీళ్లు తొడల్లోకి వచ్చాయి. ఒక గడ్డికప్పు ఇంటిమీది నుంచి ఊడి మొత్తంగా వచ్చింది, దాని మీద మేకపిల్ల, అరవడం లేదు, చుట్టూ చూస్తోంది, ఊరు చూడబోతున్నట్టు. అప్పుడు నొక్కాడు. కొంగ, చెవులు, కుండ. మోగింది. మోగుతూనే ఉంది. చాలాసేపు మోగింది.

నీళ్లు తీశాక కాగితాల వాళ్లు వచ్చారు, ఎవరెవరు ఎప్పుడు ఏ రంగు చూశారని రాసుకోడానికి. "మీరు ఎరుపు ఎప్పుడు చూశారు పెద్దాయనా?" రెండున్నర, అన్నాడు. నోరు దానంతటదే అంది. "కింది ఊరికి ఎప్పుడు చేశారు?" రెండున్నర. రాసుకున్నారు, భుజం తట్టి పోయారు. జీవితంలో ఎవరూ అడక్కముందే ఏదీ చెప్పనివాడు, అడిగితే అబద్ధం చెప్పాడు. అరగంట. ఫలేసి ఊరు చితొలా దాకా మామూలు రోజున నీళ్లు పోవడానికి ఒక పూట పడుతుంది; ఆ రోజు గంటలోపే. ఆ గంటలో సగం అతను మింగాడు. చుట్టుపక్కలంతా ఆ అరగంటే. న్సిమా కలుపుతుంటే చట్టిలో అదే తిరుగుతుంది. ఫోనులో ఫలేసి పంపిన మాటలు ఇంకా ఉన్నాయి, పన్నెండు, నొక్కితే పలుకుతాయి. నొక్కడు. నొక్కకపోయినా పలుకుతాయి. పొద్దున గుంజ దగ్గర నీళ్ల మీద ఎండ కదిలితే ఉట్టి నీళ్లే ఇస్తాడండీ అంటుంది ఎవరో, వెనక్కి తిరిగితే ఎవరూ ఉండరు, కొంగ ఉంటుంది, మెడ వంచి నీళ్లలోకి చూస్తూ.

"మీ అందరికీ ఒక సంగతి చెప్పాలని ఉంది," అంటోంది చెవిలో ఎలూబి. "ముఖ్యంగా తాతకి. ఆ రోజు అమ్మ పొద్దుట్నుంచీ ఫోను చేత్తో పట్టుకునే కూర్చుంది. నేను, అమ్మా మేకలు మడి దగ్గర కట్టేసున్నాయి, భయంగా ఉంది అంటే, ఫోను వంక చూసి, పెద్దయ్య ఇంకా పలకలేదే, ఆయన పలకలేదంటే నీళ్లు ఇంకా ఆయన దగ్గరికే రాలేదు, మనకి బోలెడు పొద్దుంది, ఆయన తప్పడు అంది. రెండు దాటాక వెళ్లింది మేకల కోసం. నువ్వు పిలుస్తావని ఫోను నడుం గుడ్డలో ముడేసుకుని వెళ్లింది. దొరికినప్పుడు కూడా ముడి అలాగే ఉంది తాతా. విప్పింది నేనే. నువ్వు చేసిన ఫోను అందులో మోగే ఉంటుంది. తనకి వినపడే ఉంటుందని... నువ్వు చేశావు. అది చెబుదామనే. నువ్వు నీ వంతు చేశావు."

ఎస్నాతి ఏడుస్తోంది, ఇప్పుడు దాచుకోకుండా. "ఏడవకే అక్కా," అంటున్నాడు గెలెసోని. "అన్నా లుఫెయో, వింటున్నావా? పిల్ల ఏమంటోందో విన్నావా?" విన్నాడు. నోట్లో ఉంది. నాలుక చివరే ఉంది. రెండు గంటలు. కొంగా రెండు కుండలూ. ఇప్పుడు వరస కూడా అతనిదే, పేరు పెట్టి పిలిచారు, ఇంతకంటే ఎవరు ఎలా పిలుస్తారు. ఏటి మీద గాలి లేచింది. నాన్న భుజం పట్టుకుని ఏటి వైపు నడిపిస్తున్నట్టే ఉంది, వెనక బడి గంట వినిపిస్తున్నట్టే ఉంది. నోరు తెరిచాడు. టుంగ్ మంది ఫోను. నాలుగు.

"నమస్కారం అందరికీ! అందరూ ఉన్నారా? ఎలూబి వచ్చిందా? బాగుంది," అంది టియామికె టీచరమ్మ, గబగబా, పట్నపు గొంతుతో. ఈ పూట పాఠం వరద రోజు లెక్కలు, ఎవరు ఎప్పుడు చూశారు, ఎంతసేపట్లో కిందికి చెప్పారు. "పై ఇద్దరి ఫోన్లూ పోయాయి, అది వాళ్ల తప్పు కాదు. కానీ లుఫెయో పెద్దాయన చూడండి. రెండున్నరకు ఎరుపు చూశారు, రెండున్నరకే ఫోను చేశారు. ఒక్క నిమిషం ఆలస్యం లేదు. పైనుంచి కబురు లేకపోయినా ఆగలేదు. అందరూ అలా చేయాలి. చెప్పండి పెద్దాయనా, ఏమనుకున్నారు ఆ క్షణాన?" ఆ మాటలో వెటకారం లేదు, వెటకారమైతే బాగుండేది. వరసగా ఆరుగురు గోడకి నిలబడ్డారు, అయ్యవారు ఈసారి ఈ కొస నుంచి మొదలెట్టాడు.

"ఊఁ," అన్నాడు.

"ఆయన అంతే టీచరమ్మా," అన్నాడు గెలెసోని ప్రేమగా. "ఉట్టి నీళ్లే ఇస్తాడు."

టీచరమ్మ ఇంకా చాలా చెప్పింది. పొద్దు వాలి దోనె నీడ ఏటిదాకా సాగింది. ఒక్కొక్క పేరూ ఆరిపోయింది. అన్నిటికంటే ఆఖరున ఆ పేరు, కాసేపు వెలుగుతూనే ఉండి, ఆరింది. చీకట్లో ఏమేం అనుకున్నాడో ఏరుకే తెలియాలి. పళ్లెంలో న్సిమా కోళ్లకు వేశాడు. ఆ మొదటి కోడి ఇంకా ఉంది, ముసలిదైంది, గుడ్లు మానేసింది.

మర్నాడు తెల్లవారుతుండగా గుంజ దగ్గరికి పోయి చూశాడు. పచ్చ. రోజూ పొద్దుటిపూట రంగు చెప్పడానికి ఆరింటికి గెలెసోని మొదట పలకాలి, తర్వాత ఎస్నాతి, తర్వాత తను. ఫోను తీశాడు. ఐదున్నర కూడా కాలేదు. ఆరుగురూ ఉన్న గ్రూపు తెరిచి, మాట పంపే బొమ్మ మీద వేలు అదిమిపట్టి, నీళ్ల వైపు చూస్తూ మాట్లాడాడు. "నేను లుఫెయోని. పైనుంచి ఎవరూ పలకలేదు. పలకక్కర్లేదు. ఇక్కడ పచ్చ. ఆ రోజు ఎరుపు నేను చూసింది రెండు గంటలకి. రెండు, పక్కన రెండు సున్నలు. చదవడం నాకు ఫలేసి నేర్పింది, తప్పు చదవలేదు. రెండున్నర అని చెప్పింది అబద్ధం. అరగంట ఫోను చేత్తో పట్టుకుని ఊరుకున్నా. ఎస్నాతి పలకాలని ఊరుకున్నా. పైవాడు పలకనిదే కదలొద్దని చెప్పింది నేను. ఇక ఆ మాట ఎవరూ పట్టించుకోవద్దు, ఎవరు ముందు చూస్తే వాళ్లు అరవండి. టీచరమ్మకి ఎవరైనా చెప్పండి. ఎలూబీ, నేను వస్తున్నా." వేలు తీశాడు. అది పోయింది.

తర్వాత దోనెను తిరగేశాడు. వంతెన కట్టిన ఏడు బోర్లించింది, కింద గడ్డి తెల్లబడి ఉంది, చీమలు గుడ్లు మోసుకుంటూ చెదిరాయి. పగుళ్లలో జిగురుమట్టి మెత్తి, నీళ్లలోకి తోసి, ఊట ఎంత వస్తుందో కాసేపు చూసి, ఎక్కాడు. ఫోను ముందుకొస మీద పెట్టాడు. అది వణకడం మొదలెట్టింది, ఒకసారి, మళ్లీ ఒకసారి, ఆగకుండా. అటు చూడలేదు. తెడ్డు మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని, ఒక్క వేటు కూడా వేయకుండా, నీళ్లు ఎంతలో తీసుకుపోతే అంతలోనే, చితొలా వైపు పోయాడు.